పసిబిడ్డకు నూలు బొంత

పసిబిడ్డ బొంత అంటే వాడి వాడి మెత్తబడిన నూలు గుడ్డలను మూడు నాలుగు పొరలుగా పేర్చి, అన్నిటినీ కలిపి దగ్గరదగ్గరగా కుట్టిన చిన్న పరుపుగుడ్డ. పొడవు మీటరు, వెడల్పు అంతకు కొంచెం తక్కువ. అందులో దూది ఉండదు. దూది ఏకి పరుపులు, రజాయిలు నింపడం దూదేకులవారి వృత్తి. బిడ్డ బొంతకు పాత చీర, పాత పంచె, సూది, దారం ఉంటే చాలు. అందుకే ఇది ఇంటి ఆడవాళ్ల చేతిపనిగా నిలిచింది. కొత్తగా కుట్టు నేర్చుకునేవారికి కూడా ఇంతకన్నా మంచి మొదటి పని దొరకదు. ఖరీదైన గుడ్డ పాడవుతుందన్న భయం ఉండదు, కుట్టు కాస్త వంకరపోయినా బొంత వాడకానికి లోటు రాదు.

ఈ బొంతల అవసరం బాగా కనిపించే ఊళ్లలో బత్తలపల్లి ఒకటి. ఇది శ్రీ సత్యసాయి జిల్లాలో, అనంతపురం నుంచి కదిరి వెళ్లే దారిలో, ధర్మవరానికి దగ్గరగా ఉన్న మండల కేంద్రం. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం కేంద్రంగా మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు నడిపే పెద్దాసుపత్రి ఇక్కడే ఉంది. చుట్టుపక్కల పల్లెలవాళ్లు కాన్పులకూ పిల్లల వైద్యానికీ ఈ ఊరికి వస్తారు. కాన్పు ఆసుపత్రిలో జరిగినా, బిడ్డ కింద పరిచే గుడ్డలు, చుట్టే పొత్తిగుడ్డలు ఇంటినుంచే రావాలి. తొలి కాన్పు పుట్టింటివాళ్లు చేయించడం ఆనవాయితీ గనక ఆ మూట కట్టే పని ఎక్కువగా అమ్మమ్మ మీద పడుతుంది. బిడ్డ పుట్టకముందే కొత్త బట్టలు కొనకూడదని చాలా ఇళ్లలో ఒక పట్టింపు. పాత చీరకు ఆ అడ్డు లేదు. పైగా పెద్దవాళ్లు కట్టి విడిచిన బట్ట బిడ్డకు ఆయుష్షు ఇస్తుందని నమ్మకం. పట్టింపును పక్కన పెట్టినా ఇందులో మంచి ఉంది. పాత నూలుబట్టలో గంజి ఉండదు, వదులు రంగు ఎప్పుడో పోయి ఉంటుంది. లెక్కలేనన్ని ఉతుకుల్లో పోగు మెత్తబడి, పసి ఒంటిని గీరదు.

సొంతంగా కుట్టుకోలేని ఇళ్లకు ఊరూరా తిరిగే సంచార కులాల ఆడవాళ్లు, బుడగజంగాలవంటి వారు, బొంతలు కుట్టిపెట్టేవారు. ఇంటివాళ్లు పాతబట్టలు ఇస్తే అరుగుమీదో చెట్టుకిందో పరిచి కుట్టి, కూలిగా గింజలో డబ్బులో తీసుకునేవారు. పాతబట్టను పొరలుగా కుట్టే విద్య దేశమంతటా ఉంది. ఉత్తర కర్ణాటకలో దీన్ని కౌది అంటారు, మహారాష్ట్రలో గోధడి, బెంగాల్లో కాంథా. బిహార్‌లోని సుజని కుట్టుకు మొదలు పురిటిబిడ్డ కోసం పాత చీరలు కలిపి కుట్టడమే. ఉత్తర కన్నడ జిల్లా అడవి పల్లెల్లో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ స్త్రీలు రంగురంగుల ముక్కలతో కుట్టే బొంతలు మ్యూజియంల దాకా వెళ్లాయి. బెంగాలీ కవి జసీముద్దీన్ 1929లో రాసిన కావ్యం ‘నక్షీ కాంథార్ మాఠ్’ పేరులోనే బొంత ఉంది.

గుడ్డ ఎంపిక

బొంత మంచిచెడ్డలు సూది పట్టకముందే, గుడ్డ ఏరేటప్పుడే తేలిపోతాయి. ధర్మవరం పక్కనున్న ఊళ్లలో ముందుగా పట్టు మాట చెప్పుకోవాలి. ధర్మవరం పట్టుచీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. మగ్గాలున్న ఇళ్లలో పట్టు ముక్కలకు కొదవ ఉండదు. అవి ఎంత అందంగా ఉన్నా బిడ్డ ఒంటికి తగిలేచోట పనికిరావు. జరీ గీరుకుంటుంది. పట్టు రోజూ వేడినీళ్ల ఉతుకుకు ఆగదు. పాలిస్టర్ చీర చెమట పీల్చదు, వేడిని లోపలే ఉంచేస్తుంది. అనంతపురం ప్రాంతం దేశంలో అతి తక్కువ వాన కురిసే చోట్లలో ఒకటి, ఎండాకాలంలో వేడి 40 డిగ్రీలు దాటుతుంది. అటువంటిచోట బిడ్డకు పాలిస్టర్ బొంత ఒంటినిండా పేలిన చెమటకాయలనే మిగులుస్తుంది.

ఇప్పటి చీరల్లో నూలేదో కలగలుపేదో చూపుకు తెలియదు. కనిపెట్టడానికి తేలిక పరీక్ష ఒకటి ఉంది. గుడ్డ అంచునుంచి నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని అంటించాలి. నూలు కాగితం కాలిన వాసన వేసి, వేళ్లమధ్య నలిగిపోయే మెత్తని బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి ముడుచుకుని, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. పట్టు కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. రంగు నిలుస్తుందో లేదో తెలియాలంటే గుడ్డను తడిపి తెల్లటి పంచె ముక్కతో గట్టిగా రుద్దాలి. తెలుపు మీద రంగు అంటితే ఆ గుడ్డను వదిలేయాలి.

చీరలో అన్ని భాగాలూ ఒకేలా అరగవు. కూర్చునేచోటు, కాళ్లదగ్గర నేలకు రాసుకునే అంచు ముందు పలచబడతాయి. నడుములోకి దోపిన లోపలి చెరగు చాలాకాలం గట్టిగా ఉంటుంది. గుడ్డను వెలుగుకు అడ్డంగా పట్టుకుంటే పలచబడ్డ చోట్లు కనిపిస్తాయి. గట్టి ముక్కలను పైపొరకూ కింది పొరకూ ఉంచి, పలచటి వాటిని మధ్యకు వేస్తారు. లాగితే చిరిగేంత చివికినవి మధ్యలో కూడా వద్దు. కొత్త గుడ్డ కలపాల్సి వస్తే ముందే రెండు మూడుసార్లు ఉతికి ఆరేయాలి. లేకపోతే మొదటి ఉతుకులో అదొక్కటే కుంచించుకుపోయి బొంత ముడతలు పడుతుంది.

కొలతలు, పొరలు

మామూలు చీర అయిదున్నర మీటర్ల పొడవు, మీటరు పైచిలుకు పన్నా ఉంటుంది. మీటరు చొప్పున కోస్తే అయిదు ముక్కలు వస్తాయి. నాలుగు పొరలకు, మిగిలినది అంచుపట్టీలకు సరిపోతుంది. అంటే ఒక నూలుచీరతో ఒక బొంత. అంచులు సరిచేసి కుట్టాక సుమారు 90 సెంటీమీటర్ల వెడల్పు, మీటరు పొడవున తయారవుతుంది. ఎండాకాలానికి మూడు పొరలు చాలు. సముద్రమట్టానికి 600 మీటర్ల పైన ఉన్న హిందూపురం వైపు చలికాలానికి అయిదు పొరలు వేసుకోవచ్చు. బొంతకు వెచ్చదనం ఇచ్చేది పొరలమధ్య కదలకుండా నిలిచే గాలి. అందుకే ఒకే మందపాటి గుడ్డకన్నా, అంతే బరువున్న నాలుగు పలచటి పొరలు ఎక్కువ చలి ఆపుతాయి.

పైపొరను ముక్కలతో అతికి కూడా చేయవచ్చు. 20 సెంటీమీటర్ల చదరాలు 25 కోసి, నాలుగువైపులా ఒక్కో సెంటీమీటరు కుట్టుకు వదిలితే ఒక్కో చదరం 18 సెంటీమీటర్లకు దిగుతుంది. వరుసకు అయిదు చొప్పున అయిదు వరుసలు కలిపితే 90 సెంటీమీటర్ల చదరపు బొంత తయారవుతుంది. ముదురు, లేత రంగులను ఒకదానిపక్కన ఒకటి పెట్టడం చూపుకు అందం, బిడ్డకు ఉపయోగం. పుట్టిన కొత్తలో బిడ్డకు జానెడు, జానెడున్నర దూరంలోనివే కాస్త స్పష్టంగా కనిపిస్తాయి. లేత రంగులకన్నా తెలుపు నలుపుల్లా గట్టిగా వేరుపడే రంగులే కంటికి ఆనుతాయి. నమూనాలకు ఈ ప్రాంతంలో వెతుక్కోనక్కరలేదు. లేపాక్షి లతామంటపం స్తంభాలమీద విజయనగర శిల్పులు చెక్కిన అల్లికలు చాలాకాలంగా చీర అంచుల్లో కనిపిస్తూనే ఉన్నాయి. వాటిలో గళ్లు, రేకులు దారంతో తేలిగ్గా దిగుతాయి.

కుట్టే తీరు

ముందుగా ముక్కలన్నీ ఉతికి, వేడినీళ్లలో నానబెట్టి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేయాలి. శుభ్రమైన నేలమీద కింది పొరను మంచివైపు నేలకు ఉండేలా పరిచి, నాలుగు మూలలా బరువులు పెట్టాలి. దానిమీద మధ్య పొరలను, చివరగా పైపొరను, ఒక్కోదాన్నీ నడుమనుంచి అంచులకు అరచేత్తో సవరిస్తూ పరవాలి. అన్ని పొరల్లోనూ చీర పొడవు ఒకేదిక్కుకు ఉండాలి. అప్పుడు ఉతికినకొద్దీ అన్నీ ఒకేలా సాగుతాయి, ఒకేలా కుంచించుకుంటాయి. తరువాత పొడవాటి కచ్చాకుట్లు నడుమనుంచి బయటికి, జానెడు దూరానికొకటి వేయాలి. ఇవి పొరలు జారకుండా పట్టుకుంటాయి. అసలు కుట్టు పూర్తయ్యాక విప్పేస్తారు. తొందరపడి ఈ కచ్చాకుట్టు మానేస్తే బొంత మధ్యలో గుడ్డ ఉబ్బి నిలుస్తుంది, తరువాత దాన్ని సరిచేయడం సాధ్యం కాదు.

అసలు కుట్టు సూదిని కిందికీ పైకీ దూరుస్తూ సాగే సాదా కుట్టే. గోనెసంచులు కుట్టే దబ్బనం దీనికి మోటు, పలచటి గుడ్డలో పెద్ద బెజ్జాలు పెడుతుంది. గట్టిగా, పొడవుగా ఉన్న మామూలు సూది, మందపాటి నూలుదారం మేలు. దారాన్ని మూరెడుకు మించి తీసుకోకూడదు. పొడవైతే చిక్కుపడుతుంది, గుడ్డలోంచి మళ్లీమళ్లీ దూరి నలిగిపోతుంది. ముడిని పొరలమధ్యకు లాగి దాచాలి, పైన మిగిలితే బిడ్డ ఒంటికి గుచ్చుకుంటుంది. కుట్టు అరసెంటీమీటరు మించకుండా, వరుసకూ వరుసకూ మధ్య సెంటీమీటరున్నర ఎడం ఉంటే బొంత చాలాకాలం మన్నుతుంది. కుట్లు పొడవైతే బిడ్డ వేళ్లు, కాలివేళ్లు వాటిలో చిక్కుకుంటాయి.

కుట్టే దారి రెండు రకాలు. ఒక అంచునుంచి ఎదుటి అంచుదాకా నిలువు వరుసలు వేయడం తేలిక. నాలుగు అంచుల చుట్టూ మొదలుపెట్టి లోపలికి చుట్టుకుంటూ నడుమకు చేరడం రెండోది. కౌదిలోనూ సిద్దీ బొంతల్లోనూ కనిపించేది ఇదే. రెండోదాంట్లో అంచులు ముందే గట్టిపడతాయి, పని సాగుతున్నకొద్దీ చదరంలో చదరంగా రూపం తేలుతుంది. అయితే గుడ్డ నడుమకు నెట్టుకు రాకుండా చూసుకోవాలి.

పని ఎంత ఉంటుందో లెక్క వేసుకోవచ్చు. 90 సెంటీమీటర్ల వెడల్పులో సెంటీమీటరున్నరకు ఒకటి చొప్పున 60 వరుసలు, ఒక్కోటి మీటరు పొడవు. మొత్తం 60 మీటర్ల కుట్టు. గంటకు మూడు నాలుగు మీటర్లు సాగే చేతికి 15 నుంచి 20 గంటలు పడుతుంది. రోజూ మధ్యాహ్నం ఒక గంట కూర్చుంటే మూడు వారాల్లోపు బొంత ముగుస్తుంది. రెండు పోగులుగా కుడితే 150 మీటర్ల వరకు దారం కావాలి. మిషన్‌మీద ఇదే పని ఒక పూటలో అవుతుంది గానీ, పాదం కింద పై పొర ముందుకు జారుతూ ఉంటుంది. కచ్చాకుట్లు మరీ దగ్గరగా వేసి, కుట్టు పొడవు పెంచి, నెమ్మదిగా నడిపితేనే బాగుంటుంది. చాలామంది అంచుపట్టీ ఒక్కటి మిషన్‌మీద వేసి, నడుమ భాగమంతా చేత్తో కుడతారు. అంచుకు అయిదు సెంటీమీటర్ల పట్టీ కోసి, రెండువైపులా మడిచి, బొంత అంచును అందులో ఇమిడ్చి కుట్టాలి. మూలలను గుండ్రంగా తిప్పాలనుకుంటే పట్టీని గుడ్డకు ఏటవాలుగా కోయాలి. అలా కోసిన పట్టీ సాగుతుంది, వంపుల్లో ముడత పడదు.

వాడకంలో జాగ్రత్తలు

బొత్తాలు, పూసలు, అద్దాలు, కుచ్చులు పసిపిల్లల బొంతకు కుట్టకూడదు. ఊడితే బిడ్డ నోట్లోకి వెళ్లి గొంతుకు అడ్డం పడతాయి. ఏడాది నిండని బిడ్డ నిద్రపోయే పడకలో మెత్తటి బొంతలు, దుప్పట్లు, దిండ్లు ఉండకూడదని, బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ సలహా. ముఖం కప్పుకుపోయి ఊపిరాడకపోవడం, నిద్రలో హఠాత్తుగా ప్రాణం పోవడం అనే ప్రమాదాలను ఇది తగ్గిస్తుంది. కాబట్టి బొంతను బిడ్డ మేలుకుని ఉన్నప్పుడే వాడాలి. నూనె రాసేటప్పుడు ఒళ్లో, బోర్లా పడుతూ ఆడుకునేటప్పుడు నేలమీద, బయటికి తీసుకెళ్లేటప్పుడు ఒంటికి వాడవచ్చు.

నిల్వ విషయంలో ఒక జాగ్రత్త ప్రాణాలకు సంబంధించినది. బొంతలు, పొత్తిగుడ్డలు పెట్టెలో దాచేటప్పుడు నాఫ్తలీన్ ఉండలు వేయకూడదు. ఆ ఆవిరి బట్టకు పట్టి, జీ6పీడీ అనే ఎంజైము లోపించిన పసిపిల్లల్లో ఎర్ర రక్తకణాలను పగలగొట్టి, తీవ్రమైన కామెర్లు తెప్పిస్తుంది. లోపం ఉన్నట్టు ముందుగా చాలామందికి తెలియదు. ఎండిన వేపాకును పలచటి గుడ్డలో మూటకట్టి పెట్టెలో వేస్తే చాలు, దాచేముందు ఒకసారి, వాడేముందు మరోసారి బొంతను ఉతికి ఎండలో ఆరేయాలి.

బిడ్డ తడిపిన బొంతను ముందు చన్నీళ్లలో జాడించి, తరువాత వేడినీళ్లలో సబ్బుతో ఉతకాలి. మొదటే వేడినీళ్లు పోస్తే పాలమరకలు గుడ్డలో బిగుసుకుంటాయి. మెలిపెట్టి పిండితే కుట్లు తెగుతాయి. మడిచి నొక్కి నీళ్లు తీసి, రెండు తాళ్లమీద బరువు పంచి ఆరేయాలి. ఒకదాని వెంట ఒకటి వాడుకోవడానికి మూడు బొంతలు ఉంటే వానాకాలంలో కూడా ఇబ్బంది ఉండదు.

దారం తెగినచోట ఆ వారంలోనే నాలుగు కుట్లు వేస్తే చిరుగు పెరగదు. పైపొర చివికితే మొత్తం విప్పనక్కరలేదు, మరో పాతచీర ముక్కను మీద పరిచి మళ్లీ కుడితే కొత్త పొర అవుతుంది. బిడ్డ ఎదిగాక నాలుగువైపులా పట్టీలు చేర్చి పెద్దది చేయవచ్చు, లేదా తరువాతి బిడ్డకు దాచవచ్చు. ఇలా సాగేది నూలుచీర ఇంట్లో ఉన్నంతకాలమే. రోజువారీ కట్టులో పాలిస్టర్ చీరలు పెరిగి పాత నూలుబట్ట దొరకడం తగ్గుతోంది గనక, కుట్టు మీద ఇష్టమున్నవారు చిరిగిన నూలుచీరలు, పంచెలు పారేయకుండా ఉతికి మడిచి దాచుకోవాలి.