ఖాళీ డిస్కు అంటుంది... నమ్మకండి!

‘‘మీ తాత గొంతు యాడన్న ఉన్నదా బిడ్డా?’’

మేడ్చల్‌లోని మా ఇంట్లో నాయనమ్మ ఓరోజు ఈ మాట అడిగింది. బీరువా అంతా వెతికాం. ఫొటోలు దొరికాయి, గొంతు దొరకలేదు. చివరికి పాత పెళ్లిపత్రికల కట్ట కింద అరచేతిలో పట్టేంత చిన్న డీవీడీ కనిపించింది. దానిమీద చిన్నాయన చేతిరాత... ‘శామీర్‌పేట చెరువు, దసరా, 2007’. ఆ ఏడాదే ఆయన అమెరికా నుంచి డీవీడీ హ్యాండీక్యామ్ తెచ్చాడు. తాత ఉన్న వీడియో అదొక్కటే. ఆత్రంగా కంప్యూటర్లో పెడితే ‘ఖాళీ డిస్కు’ అంది. నాయనమ్మ ముఖం చిన్నబోయింది.

నిజానికి అది ఖాళీ కాదు!

ఆ కెమెరాల్లో షూటింగ్ అయ్యాక ‘ఫైనలైజ్’ అనే మీట నొక్కాలి. అప్పుడే ఏ దృశ్యం ఎక్కడుందో చెప్పే పట్టిక డిస్కు మీద పూర్తవుతుంది. పేజీలన్నీ రాసి విషయసూచిక వదిలేసిన పుస్తకం లాంటిది ఫైనలైజ్ చేయని డిస్కు. తీసిన కెమెరాలో ఆడుతుంది. చాలా ప్లేయర్లకూ కంప్యూటర్లకూ మాత్రం అంతుచిక్కదు. డిస్కు అడుగువైపు వెలుతురులో వాల్చి చూడండి. నడిమి నుంచి కొంతమేర రంగు తేడాగా కనిపిస్తే రికార్డింగ్ ఉన్నట్టే.

ఇలా చేయండి

* డిస్కును ఎలా వాడతారని, ఫార్మాట్ చేయమంటారా అని కంప్యూటర్ అడిగితే ‘వద్దు’ అనండి. ముఖ్యంగా ఆర్‌డబ్ల్యూ రకం డిస్కుల్లో ఫార్మాట్ చేస్తే దృశ్యాలు పోయే ప్రమాదం ఉంది.

* పాత కెమెరా పనిచేస్తుంటే దాంట్లోనే ఫైనలైజ్ చేయడం సులువు. బ్యాటరీని నమ్ముకోకుండా ఛార్జర్ తగిలించండి. కరెంటు పోకుండా ఇన్వర్టర్ ఉంటే మరీ మంచిది. పని మధ్యలో ఆగితే డిస్కు పాడైపోవచ్చు.

* కెమెరా లేదా? ఐసోబస్టర్ లాంటి సాఫ్ట్‌వేర్ పట్టికతో పని లేకుండా నేరుగా డిస్కు మీది సమాచారాన్ని వెతుకుతుంది. కొన్ని సౌకర్యాలకు డబ్బు కట్టాలి. బయటికి తీసిన వీడియోను ఉచితంగా దొరికే వీఎల్‌సీ ప్లేయర్‌లో చూడొచ్చు.

* ఒక డ్రైవ్ చదవకపోతే ఇంకోటి ప్రయత్నించండి. 8 సెంటీమీటర్ల డిస్కును ట్రే ఉన్న డ్రైవ్‌లోనే, లోపలి చిన్న గుంటలో పెట్టాలి. సన్నటి సందులోంచి లాక్కునే డ్రైవ్‌లో ఇరుక్కుపోతుంది.

ఎప్పుడో తీరిగ్గా చూద్దామనుకోవద్దు. ఈ డిస్కుల్లో దృశ్యాలను దాచేది ఒక పల్చటి పూత. ఎండకూ వేడికీ అది దెబ్బతింటుంది. వీడియో దొరికిన రోజే రెండుచోట్ల కాపీ చేసి పెట్టుకోండి.

మా కెమెరా ఎప్పుడో పాత సామాన్లలో పోయింది. సాఫ్ట్‌వేర్‌నే నమ్ముకున్నాం. మొదటి డ్రైవ్ మొరాయించింది. పక్కింటి నుంచి తెచ్చిన రెండోది చదివింది. 22 నిమిషాల వీడియో బయటికొచ్చింది. చెరువు కట్ట, గాలికి ఎగిరే చీర కొంగులు, సత్తుగిన్నెలో పులిహోర... వీటన్నిటి వెనక నుంచి ఎవర్నో కేకేస్తూ తాత!

నాయనమ్మ కొంగు సర్దుకుని కంప్యూటర్ ముందుకు జరిగింది. కళ్లు తుడుచుకుంటూ ఒక్కటే మాటంది...

‘‘జర సౌండు పెంచు బిడ్డా!’’