పాత జోళ్ళు చెప్పు పాఠము

తపాలా బిళ్ళలను, పాత నాణెములను, అగ్గిపెట్టెల మీది బొమ్మలను సేకరించువారిని మనమెరుగుదుము. కాని పాత బూట్లను కూడబెట్టువారు కూడ కలరనిన చాలమందికి నవ్వు వచ్చును. పాదరక్షలను గుమ్మము వెలుపల విడుచుట మన ఆచారము. వాటిని అద్దాల బీరువాలో నిలుపుట మనకు వింతగా తోచును. అయినను అమెరికా, జపాను, ఐరోపా దేశములలో నేడు వేలకొలది జనులు ఈ పని చేయుచున్నారు. ముప్పది నలుబది సంవత్సరముల నాటి ఆటబూట్లను వెదకి, అధికమైన వెల యిచ్చి కొని, అవి వచ్చిన అట్టపెట్టెలతో సహా భద్రపరచుచున్నారు. 2019 జులై నెలలో న్యూయార్కు నగరమున సోథబీ వేలము సంస్థవారు 1972 నాటి నైకీ బూట్ల జత నొకదానిని 4,37,500 డాలర్లకు విక్రయించిరి. మైకేల్ జోర్డాన్ అను బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు 1998లో పోటీయందు తొడిగిన జత 2023 ఏప్రిల్ నెలలో 22 లక్షల డాలర్లకు అమ్ముడుపోయినది.

ఇవి వేడుకకై చెల్లించిన వెలలు. మనకు విచారణీయమైన విషయము వేరొకటి కలదు. ఈ సేకర్తలలో పెక్కుమంది చెప్పు మాట ఒక్కటే: “నేటి బూట్లు నాటి బూట్లవలె లేవు, సరకు నాణ్యము దిగజారినది.” మన యిండ్లలో పెద్దలు బట్టలను గూర్చియు, ఇత్తడి పాత్రలను గూర్చియు, బియ్యమును గూర్చియు ఇట్లే అనుచుందురు. ఆ మాట యెంతవరకు నిజము? బూట్ల విషయమున దీనిని పరీక్షించుట సులభము. ఏలన, సాక్ష్యమంతయు సేకర్తల బీరువాలలో నిలిచియున్నది.

రబ్బరు అడుగు పుట్టుక

చెట్టునుండి కారిన పాలతో చేసిన పచ్చి రబ్బరు ఎండకు జిగురుగా కరగును; చలికి కట్టెవలె బిగుసును. అట్టిదానితో బూట్లు చేసినవారు నష్టపోయిరి. 1839లో అమెరికాయందు చార్లెస్ గుడ్‌ఇయర్ అను నతడు రబ్బరునకు గంధకము చేర్చి కాచినచో ఆ దోషములు తొలగునని కనుగొనెను. 1844లో దానికి పేటెంటు హక్కు పొందెను. ఈ ప్రక్రియకు వల్కనైజేషన్ అని పేరు. గంధకము రబ్బరు అణువుల గొలుసులను ఒకదానితో నొకటి ముడివేయును. అందువలన రబ్బరు సాగియు మరల తన రూపమునకు వచ్చును.

ఈ జ్ఞానము వలననే గుడ్డతో పైభాగము, రబ్బరుతో అడుగు గల తేలికబూట్లు సాధ్యమైనవి. అవి నడకలో చప్పుడు చేయవు. ఆంగ్లములో చప్పుడు లేక మెల్లగా జారిపోవుటను స్నీక్ అందురు గనుక వాటికి స్నీకర్లు అను పేరు వచ్చినది. మన దేశమున తొడిగినవాని రాకను వీధికెల్ల చాటు కిర్రుచెప్పులకు ఒకప్పుడు గౌరవముండెడిది. అచ్చట చప్పుడు లేకపోవుటయే పేరైనది.

ఒక బూటు చరిత్ర

1908లో మసాచుసెట్స్ రాష్ట్రమందలి మాల్డెన్ పట్టణమున కాన్వర్స్ రబ్బరు బూట్ల సంస్థ స్థాపింపబడినది. 1917లో వారు బాస్కెట్‌బాల్ ఆటకై ఆల్‌స్టార్ అను కాన్వాసు బూటును విడుదల చేసిరి. ఆ ఆట ఆ రాష్ట్రమందే 1891లో పుట్టినది. చార్లెస్ టేలర్ అను ఆటగాడు 1920 దశకమున ఆ సంస్థలో చేరి, ఊరూర తిరిగి ఆట నేర్పుచు బూట్లను అమ్మెను. చక్ అనునది అతని ముద్దుపేరు. అతని సంతకము 1930 దశకమున చీలమండ మీది గుండ్రని బిళ్ళపై చేరినది. నేటికిని ఆ బూటు అదే ఆకారముతో అమ్ముడుపోవుచున్నది. రూపము మారని వస్తువు గనుక, పాతదానిని క్రొత్తదానిని ప్రక్కప్రక్కన నుంచి పోల్చుటకు ఇంతకంటె తగినది దొరకదు.

1960 దశకము నాటి జతను చేతబట్టినచో కాన్వాసు దట్టముగా నుండును. అడుగు చుట్టు వేసిన రబ్బరు పట్టీ ఎత్తుగా, నిగనిగలాడుచు నుండును. తరువాతి కాలమున కాన్వాసు పలుచనైనది. పట్టీ ఎత్తు తగ్గినది. 2001లో ఆ సంస్థ దివాలా తీసి, అమెరికాలోని తన కర్మాగారములను మూసివేసినది. తయారీ ఆసియా దేశములకు మారినది. 2003లో నైకీ సంస్థ దానిని కొనినది. మడమ మీది బిళ్ళపై అమెరికాలో తయారైనదను మాట కనబడినచో సేకర్తలు దానిని ఆదరముతో చూతురు. ఆ జత 2001కి ముందుదని వారికి తెలియును.

2013లో ఆ సంస్థయే చక్ 70 అను పేర 1970 నాటి నమూనాను అనుసరించి మరియొక బూటును తెచ్చినది. దట్టమైన కాన్వాసు, ఎత్తైన రబ్బరు పట్టీ, పాదము క్రింద మెత్తని దళసరి అట్ట దీని ప్రత్యేకతలు. దీని వెల మామూలు ఆల్‌స్టార్ వెలకంటె ఎక్కువ. నేడు ఒకే కాన్వాసు బూటు రెండు తరగతులుగా అమ్మబడుచున్నదన్నమాట. పూర్వపు దట్టము కావలెనన్నచో అధికముగ చెల్లింపవలెను. కావున సేకర్తల ఫిర్యాదు వట్టి పాతకాలపు మోజు కాదని ఈ యొక్క ఉదాహరణము తెలుపుచున్నది.

పెట్టెలో దాచిన బూటు పొడియగుట

కాని కథ ఇంతటితో ముగియలేదు. 1980 దశకమున ఆటబూట్ల అడుగున మెత్తదనమునకై పాలీయురిథేన్ అను నురుగువంటి ప్లాస్టిక్కును విరివిగా వాడసాగిరి. జోర్డాన్ పేరిట నైకీవారు 1988లోను, 1989లోను విడుదల చేసిన మూడవ, నాలుగవ నమూనాలు ఇట్టివే. వీటిని కొని, ఒక్కనాడైన తొడుగక, పెట్టెలలో పదిలపరచినవారు కొన్ని సంవత్సరములకు పెట్టె తెరచి చూడగా అడుగు ఎండిన రొట్టెవలె చిట్లి, చేయి తగిలినంతనే పొడిపొడిగా రాలినది.

దీనికి కారణము జలవిశ్లేషణము. విద్యార్థులు రసాయనశాస్త్రమున ఈ పదమును చదివియుందురు. అట్టి బూట్లలో వాడిన పాలీయురిథేన్ అణువుల గొలుసులలో ఎస్టరు బంధములుండును. గాలిలోని తేమ ఈ బంధములను ఒక్కొక్కటిగా తెంచును. తెగినచోట ఆమ్లము పుట్టును. ఆ ఆమ్లము మిగిలిన బంధములు తెగుటను త్వరపెట్టును. గొలుసులు చిన్నచిన్న ముక్కలైనప్పుడు పదార్థమునకు పట్టు పోవును. ఇది సాధారణముగా 10 నుండి 20 ఏండ్లలో జరుగును. వేడియు తేమయు ఎక్కువైనచో ఇంకను త్వరగా జరుగును. ఈథరు బంధములు గల వేరొక విధమైన పాలీయురిథేన్ నీటికి ఎక్కువ తాళును.

అప్పుడప్పుడు తొడిగిన జతలు మూల దాచిన జతలకంటె ఎక్కువ కాలము నిలుచుట సేకర్తలు అనుభవమున గ్రహించిన సంగతి. నడకలో అడుగు నొక్కుకొని, వదలుచుండుటచే లోపలి తేమ వెలికి పోవునని వారందురు. అడుగు రాలిన పాత జతకు క్రొత్తగా తయారైన జత అడుగును ఊడదీసి అతికించి తొడుగువారును కలరు.

1985 నాటి మొదటి జోర్డాన్ బూటునకు వెలుపలి అడుగు రబ్బరు గిన్నెవలె ఉండి, పైభాగమునకు దారముతో కుట్టబడినది. అందుచే ఆకారము చెడక నిలిచిన జతలు నేటికిని కనబడుచున్నవి. రబ్బరు కూడ శాశ్వతము కాదు. ఎండకు పసుపుపచ్చనగును, ఓజోను వలన పగుళ్ళు తీయును. కాని ఒక్కసారిగా పొడియై కూలదు. ఒకే కాలమున, ఒకే సంస్థ చేసిన రెండు వస్తువులలో ఒకటి నిలుచుట, ఒకటి రాలుట మనము గమనింపదగినది. కాలమును బట్టి మాత్రమే నాణ్యమును నిర్ణయించుట తగదని దీనివలన తేలుచున్నది.

తగ్గినదేమి? పెరిగినదేమి?

పాత వస్తువులను గూర్చి తలచునప్పుడు మరియొక జాగ్రత్త అవసరము. వెయ్యేండ్ల నాటి రాతి మండపములు నిలిచియున్నవి గనుక ఆనాటి యిండ్లన్నియు అంత దృఢమైనవని అనుకొనరాదు. మట్టియిండ్లు ఎన్నడో కూలిపోయినవి. బూట్లును అంతే. నాటి నాసిరకములు ఎప్పుడో చెత్తలో కలసినవి. మంచివే మిగిలి మనకంట బడుచున్నవి.

అయినను కొన్ని మార్పులు నిజముగ జరిగినవి. మొదటిది తోలు. చర్మము పైపొర దృఢమైనది. దానిని చీల్చగా వచ్చు అడుగుపొర బలహీనమైనది. అడుగుపొరకు రంగును ప్లాస్టిక్కు పూతను పూసినచో చూపునకు మంచి తోలువలెనే ఉండును. కొన్ని నెలలకు మడతలయందు పూత చిట్లును. రెండవది కూర్పు. కుట్టిన అడుగును చెప్పులు కుట్టు పనివారు విప్పి మార్చగలరు. జిగురుతో మాత్రమే అంటించినది ఊడినచో మరల అంత గట్టిగా నిలుచుట కష్టము. మూడవది, కంపెనీలు నమూనాలను త్వరత్వరగా మార్చుట. తరువాతి యేడు మరియొకటి రానున్నప్పుడు పది సంవత్సరములు నిలుచు బూటును చేయవలెనను పట్టుదల తగ్గుట సహజము.

పెరిగినవియు కలవు. నేటి పరుగుబూటు చాల తేలిక. 1970 దశకమునుండి వాడుకలోనికి వచ్చిన ఇథిలీన్ వినైల్ ఎసిటేట్ అను నురుగు తేమకు పాలీయురిథేన్ వలె పొడికాదు. కాని బరువునకు క్రమముగా అణగి, మెత్తదనమును కోల్పోవును. అన్నిటికంటె ముఖ్యము, ఒకప్పుడు మన గ్రామములలో చాలమంది పిల్లలు వట్టికాళ్ళతోనే బడికి నడచిరి. నేడు చౌక బూటు వారి పిల్లల పాదములను ముళ్ళనుండి, కాగిన రోడ్డునుండి కాపాడుచున్నది. ఈ మేలును తూకమున వేయక పూర్వకాలమును పొగడుట న్యాయము కాదు.

ఈ పరిశ్రమ మనకు దూరమైనదియు కాదు. తమిళనాడులోని ఆంబూరు, రాణిపేట తోళ్ళకు ప్రసిద్ధములు. ఆంధ్ర సరిహద్దున తడ ప్రాంతమున విదేశీ సంస్థలకై బూట్లు చేయు కర్మాగారము కలదు. చెన్నైలో 1948లో నెలకొల్పబడిన కేంద్ర చర్మ పరిశోధనాలయమునకు 1958 నుండి 1971 వరకు డైరెక్టరుగా నుండి దానిని పెంపొందించినవారు తెనాలి ప్రాంతమున జన్మించిన యలవర్తి నాయుడమ్మగారు. బూటును తక్కువ వస్తువుగ చూచువారు, దానివెనుక ఇంత విజ్ఞానమును ఇందరి శ్రమయు గలవని తెలిసికొనవలెను.

కొనునప్పుడు, దాచునప్పుడు

బడి తెరచు దినములలో ఇద్దరు ముగ్గురు పిల్లలున్న యింటికి బూట్ల ఖర్చు చిన్నది కాదు. కావున తల్లిదండ్రులు ఈ విషయములను గమనించుట మేలు. బూటును వంచి చూడవలెను. వ్రేళ్ళు వంగుచోట వంగవలెనే గాని నడుమ విరిగినట్లు మడవరాదు. అడుగు, పైభాగము కలియు అంచున కుట్టు ఉన్నదో, జిగురు మాత్రమే ఉన్నదో చూడవలెను. జిగురు వెలికి కారి మరకలైన చోట పని తొందరలో జరిగినదని ఎరుగవలెను. తోలును వ్రేలితో నొక్కినప్పుడు సన్నని సహజమైన ముడుతలు కనబడవలెను. పైపూత దళసరిగా నున్నచో ముడుతలు కనబడవు.

యానాము, బరంపురము, చెన్నై వంటి సముద్రతీర ప్రాంతములలో గాలియందు తేమ అధికము. అచ్చట బూట్లను పండుగకని పాలిథీన్ సంచిలో బిగించి అటక మీద దాచుట వాటికి ఆయువు తగ్గించుటయే. లోపల తేమ నిలిచి, బూజు పట్టును, జిగురు వదలును. తడిసినవానిని ఎండలోగాని పొయ్యిదగ్గరగాని ఉంచక, లోపల వార్తాపత్రిక ముక్కలు కూరి నీడన గాలికి ఆరబెట్టవలెను. పెరుగు పిల్లలకు రెండేండ్లు వచ్చునని పెద్ద కొలత కొనుటయు లాభము కాదు. నడక చెడును, మడమ ఒరసి బూటు ముందుగ చినుగును.

విద్యార్థులకు ఒక చిన్న పని సూచించుచున్నాము. క్రొత్త బూట్లు కొనినప్పుడు ఒక నోటుపుస్తకములో తేదీ, వెల, తయారైన చోటు వ్రాసికొనుడు. మొదట చెడినది కుట్టా, జిగురా, అడుగా, తోలా యని, అది యేనెలలో చెడెనో గుర్తింపుడు. తరగతిలో నలుబదిమంది మూడేండ్లు ఇట్లు చేసినచో, ఏ రకము నిలుచునో ఏది నిలువదో మన యూరివారికి చెప్పగల పట్టిక ఒకటి సిద్ధమగును. తరువాత చేరు పిల్లల తల్లిదండ్రులు దానిని చూచి సరకు కొనగలరు.