పేటికలోని పాత్ర

కొత్త కుండ కొనునపుడు మన ఇల్లాండ్రు దానిని వ్రేలితో కొట్టి చెవియొగ్గి విందురు. ఖంగున మ్రోగినచో బాగుగా కాలినదనియు, బొంగురుగా పలికినచో ఎక్కడనో బీట యున్నదనియు వారెరుగుదురు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములవారికి చిరపరిచితమైన ఈ పరీక్షను సామాన్యముగా తలపరాదు. చేయువాని నేర్పునకు కొనువారి ఎరుక తోడైననే కుండ వన్నె కెక్కును. జపాను దేశమున మట్టిపాత్ర మహోన్నత కళగా నిలుచుటకు ఈ రెండవ గుణమే ముఖ్యకారణము.

జపానువారి తేనీటి మర్యాద బౌద్ధ మఠములలో మొలకెత్తినది. పదునారవ శతాబ్దమున సెన్ నో రిక్యూ (1522-1591) దానికి స్థిరమైన రూపము నొసగెను. ఆ తేనీటిలో పాలు, చక్కెర కలుపరు. పచ్చని తేయాకు పొడిని పాత్రలో వేసి, వేడినీరు పోసి, సన్నని వెదురు కవ్వముతో నురుగు వచ్చునట్లు చిలుకుదురు. నీరు కాచుటకు ఇనుప పాత్ర, పొడి నుంచుటకు చిన్న భరిణె, దానిని తీయుటకు వెదురు చెంచా, చన్నీటికి జాడీ కావలెను. వీనిలో త్రాగెడి మట్టిపాత్రకు మిక్కిలి గౌరవము. అతిథి దానిని రెండు చేతులతో పట్టి త్రాగి, పిదప నెమ్మదిగా త్రిప్పి పరికించును.

రిక్యూ తన అభిరుచికి తగినట్లు చోజిరో అను పనివానిచే నలుపు, ఎరుపు పాత్రలు చేయించెను. వీనిని సారెపై గాక చేతితోనే మలచుదురు. నల్లని పాత్రలను ఎర్రగా కాలుచుండగనే పటకారుతో ఆవము నుండి వెలికి తీయుదురు. చోజిరో నాటి సంప్రదాయమును రాకు వంశమువారు క్యోటో నగరమున నేటికిని నిలుపుచున్నారు. శిల్పవిద్య నభ్యసించిన పదునైదవ తరమువాడు పాత్రను బరిసెతో చెక్కి, సాహసోపేతమైన రూపములు కల్పించెను. 2019లో పదునారవ తరమువాడు ఆ వారసత్వమును స్వీకరించెను.

వేరొక పాత్ర కథ మరింత విచిత్రమైనది. కొరియాలో పేరు తెలియని కుమ్మరి చేసిన సాదా పాత్రయొకటి జపాను చేరి, కిజాయెమోన్ అను వర్తకుని పేర ప్రసిద్ధమైనది. 1951లో జపాను ప్రభుత్వము దానిని జాతీయ నిధిగా ప్రకటించినది. ఇట్టి పాత్రలను పట్టు సంచిలో నుంచి, కొయ్యపెట్టెలో పెట్టి, ఆ పెట్టెను మరియొక పెట్టెలో భద్రపరచుట ఆచారము. పెట్టె మూతపై పాత్ర పేరు, చేసినవాని పేరు వ్రాయుదురు.

పేటికలో పేటిక నుంచుట మన నేలకు కొత్త గాదు. తెనాలి నుండి రేపల్లె పోవు రైలుదారిలోని భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రే స్తూపమును త్రవ్వించినపుడు రాతి పేటికలును, వాని లోపల స్ఫటికపు భరిణెయు లభించినవి. పేటికలపై బ్రాహ్మీలిపిలో దాతల పేర్లు చెక్కబడియున్నవి. అచట పూజ్యమైనది ధాతువు; జపానున ఆ గౌరవము పాత్రకే దక్కినది.

యంత్రముల యుగమున జపాను కుమ్మరులకును గడ్డుకాలము రాకపోలేదు. అయినను 1955లో అచటి ప్రభుత్వము నిపుణులైన కళాకారులను ఎన్నిక చేసి గౌరవించుట కారంభించినది. వంటింటి జాడీలు చేయు మషికో గ్రామమున స్థిరపడిన హమాదా షోజి (1894-1978) ఆ తొలివారిలో నొకడు. బిజెన్ అను చోట మన కుండలవలె మెరుగుపూత లేని పాత్రలనే కట్టెల మంటపై అనేక దినములు కాల్చి, రాయివలె గట్టిపరచుదురు. వానికిని నేడు గొప్ప ఆదరణ కలదు.

మన కుండ తక్కువదా? దాని సన్నని రంధ్రముల గుండా ఊరిన నీరు ఆవిరియగుచు లోని నీటిని చల్లబరచును. ప్లాస్టిక్కు బిందె ఈ పని చేయజాలదు. అయినను కుండ చేసినవాని పేరు మన మెవ్వరమును అడుగము. అడుగువారు లేనపుడు అతని కుమారుడు సారె పట్టునా?

కుండను పట్టు సంచిలో దాచనక్కరలేదు. వచ్చు వేసవిలో కొనునపుడు ఎప్పటివలె వ్రేలితో కొట్టి వినుడు. ఆ మీదట దానిని చేసినవాని పేరు కూడ అడిగి తెలిసికొనుడు.