బోర్డులో మహిళ, లాభంలో లెక్క

కంపెనీ బోర్డుల్లో మహిళలకు చోటు తప్పనిసరి చేస్తే లాభాలు పెరుగుతాయా, తగ్గుతాయా? దీనిపై అధ్యయనాలు ఒక మాట మీద లేవు. నార్వే 2003లో చట్టం చేసింది. 2008 నాటికి పబ్లిక్ లిమిటెడ్ కంపెనీల బోర్డుల్లో మహిళలు సుమారు 40 శాతం ఉండాలంది. దానివల్ల కంపెనీల విలువ పడిపోయిందని 2012లో పరిశోధకులు అహెర్న్, డిట్‌మార్ తేల్చారు. అదే విషయాన్ని తిరగదోడిన ఎక్బో బృందానికి అంత నష్టమేమీ కనబడలేదు. 2015లో పోస్ట్, బైరన్ 140 అధ్యయనాలను కలిపి చూస్తే దొరికింది ఖాతాల లాభంలో కొద్దిపాటి మేలు; షేరు ధరలో దాదాపు సున్నా. పైగా లాభాల్లో ఉన్న పెద్ద కంపెనీలే ముందు మహిళలను పిలుస్తాయేమో, ఆ చిక్కు ఒకటి.

మన 2013 కంపెనీల చట్టం లిస్టెడ్ కంపెనీలకూ, 100 కోట్ల చెల్లించిన మూలధనం లేదా 300 కోట్ల టర్నోవర్ దాటిన పబ్లిక్ కంపెనీలకూ కనీసం ఒక మహిళా డైరెక్టరును విధించింది. గడువు ముంచుకొచ్చేసరికి కొన్ని కంపెనీల్లో యజమాని ఇంటి ఆడవాళ్లే ఆ కుర్చీలో కూర్చున్నారు. ఇది చట్టాన్ని కాగితం మీద పాటించడమే. అందుకే స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ మొదటి 500 లిస్టెడ్ కంపెనీలకు 2019 ఏప్రిల్ నుంచి, 1000 కంపెనీలకు 2020 ఏప్రిల్ నుంచి స్వతంత్ర మహిళా డైరెక్టరు ఉండాలంది.

అసలు అడ్డంకి బోర్డు గది కంటే చాలా కింద ఉంటుంది. ఉదాహరణకు, భూపాలపల్లిలో సింగరేణి కాకతీయ ఖని బొగ్గుగనులున్నాయి. బొగ్గుగని మేనేజరుకు ఫస్ట్‌క్లాస్ సర్టిఫికెట్ కావాలి, దానికి గనిలో పనిచేసిన అనుభవం కావాలి. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ మహిళలను భూగర్భ పనికి రానివ్వలేదు. 2019లో కేంద్రం సడలించినా, అది ఉదయం 6 నుంచి రాత్రి 7 దాకా, సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనులకే. రాతపూర్వక అంగీకారం ఉండాలంది, ముగ్గురికి తక్కువ కాకుండా వెళ్లాలంది. గని నుంచి పైకొచ్చే మహిళా డైరెక్టరు కోసం ఇంకా కొన్నేళ్లు ఆగాల్సిందే.

జనగామ, మహబూబాబాద్ పల్లెల్లో ఇందుకు తలకిందుల దృశ్యం. అక్కడి మహిళా పొదుపు గ్రూపుల గ్రామ సంఘాలు, మండల సమాఖ్యల్లో అధ్యక్షురాలి నుంచి కోశాధికారి దాకా అందరూ మహిళలే. సంఘం మీటింగులో పుస్తకం తెరిచి పేరు పిలిస్తే, ఒక్కొక్కరూ అందరి ముందే వాయిదా కడతారు. ఒకరు ఎగ్గొడితే తర్వాతి అప్పుకు గ్రూపంతా ఇబ్బంది పడుతుంది. అప్పులు తిరిగి రావడం మహిళల నాయకత్వం వల్లా, ఈ ఉమ్మడి పూచీ వల్లా అని విడదీసి చెప్పడం నార్వే లెక్కలంత కష్టం.