గంట మోగుతుందా?

పాత ఆదిలాబాదు జిల్లాలో, ఇప్పటి నిర్మల్ జిల్లాలో, కడెం నది మీద ఒక ప్రాజెక్టు ఉన్నది. దానికి 18 గేట్లు. నిండు నీటిమట్టం 700 అడుగులు. 2022 జూలైలో పెద్ద వరద వచ్చి, నీరు గేట్ల మీదుగా పొర్లింది. దిగువ ఊళ్ళవాళ్ళు ఇళ్ళు విడిచి పోవలసి వచ్చింది.

అటువంటి చోటికి మనం ఒక కంప్యూటరు ప్రోగ్రాము తయారుచేస్తున్నామనుకుందాం. "నీరు 700 అడుగులకు చేరగానే గంట మోగాలి." అంతే దాని పని.

ఈ కాలంలో ప్రోగ్రాములు రాసేవారికి కృత్రిమ మేధ సహాయం చేస్తున్నది. కావలసింది మాటల్లో చెబితే చాలు, క్షణాల్లో రాసిపెడుతుంది. 2021లో గిట్‌హబ్ సంస్థ అటువంటి సహాయకుణ్ణి ప్రవేశపెట్టి, "కోపైలట్" అని పేరుపెట్టింది. విమానంలో పైలటుకు తోడుగా ఉండేవాణ్ణి అలా అంటారు.

అది ఎలా రాస్తుంది? మనుషులు రాసిన లెక్కలేనన్ని ప్రోగ్రాములను బట్టి, ఏ మాట తరవాత ఏ మాట వస్తుందో నేర్చుకుంటుంది. కనక అది రాసింది చూడటానికి చక్కగానే ఉంటుంది. కాని చక్కగా ఉన్నదంతా సరైనది కాదు గదా!

మన ప్రోగ్రామును అది ఇలా రాసిందనుకోండి: "నీరు 700 కన్న ఎక్కువైతే గంట కొట్టు." తానే 650, 710 అంకెలతో పరీక్ష కూడా చేసింది. 650కి గంట మోగలేదు, 710కి మోగింది. "అంతా సరిగా ఉన్నది" అన్నది.

ఇప్పుడు మనిషి పని మొదలవుతుంది. కంప్యూటరు తెర మీద తీసేసిన పంక్తులు ఎర్రగా, చేర్చినవి పచ్చగా కనబడతాయి. పరిశీలించేవారు వాటిని ఒక్కొక్కటే చదువుతారు. తప్పులు తరచు సరిహద్దు దగ్గరే దాక్కుంటాయి. అందుచేత వారు 699, 700, 701 ఇచ్చి చూస్తారు. సరిగ్గా 700 దగ్గర గంట మోగలేదు!

దిద్దమంటే యంత్రం వెంటనే దిద్దింది. అయితే అడగని పంక్తి ఇంకొకటి చేర్చింది: "కొలిచే పరికరం నుంచి అంకె రాకపోతే, 0 అనుకో." ఇందులో తప్పేమున్నది అనిపిస్తుంది. కాని వరదకు పరికరమే కొట్టుకుపోతే? నీళ్ళే లేవనుకుని ప్రోగ్రాము ఊరుకుంటుంది. గంట కావలసిన సమయానికే మూగబోతుంది! అంకె రాకపోతే వెంటనే మనిషిని పిలవాలి. అందుకే దిద్దినప్పుడల్లా మళ్ళీ చదవాలి.

పరిశీలించేవారు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ మార్పు ఎందుకు? అడిగినదానికన్న ఎక్కువ మారిందా? ఇది తప్పయితే నష్టం ఎవరికి? దిగువ ఊళ్ళో నిద్రపోయేది యంత్రం కాదు, మనుషులు.

బాసరలో చిన్నపిల్లలకు అక్షరాభ్యాసం చేయిస్తారు. ఆ ఊళ్ళోనే 2008లో వెలసిన సాంకేతిక విశ్వవిద్యాలయంలో పెద్దపిల్లలు కంప్యూటరు విద్య నేర్చుకుంటున్నారు. యంత్రమే రాస్తుంటే మనకెందుకీ చదువు అనుకోకండి. రాయటం రానివాడు, రాసినదాంట్లో తప్పు పట్టలేడు.

మీరూ పరిశీలించండి! 5 ఏళ్ళు నిండి, 12 నిండని పిల్లలకు అర టిక్కెట్టు ఇవ్వాలి. "వయసు 5 కన్న ఎక్కువ, 12 కన్న తక్కువ అయితే అర టిక్కెట్టు" అని యంత్రం రాసింది. మీరు ఏయే వయసులు ఇచ్చి చూస్తారు? ఎక్కడ తప్పు బయటపడుతుంది?