బిడ్డ పుట్టాక తల్లి బీపీ ఎవరు చూస్తున్నారు?

కాన్పయిన ఏడో రోజు ఇంట్లో అఖీఖా. బిడ్డకు తలవెంట్రుకలు తీయించి పేరు పెడతారు. వచ్చిన బంధువులంతా బిడ్డను ఎత్తుకుని ముద్దాడతారు. వంట దగ్గర ఒకరు, అతిథుల దగ్గర ఒకరు తీరిక లేకుండా ఉంటారు. లోపలి గదిలో బాలింత పడుకుని ఉంటుంది. తల పగిలిపోతున్నట్టుగా ఉందంటే "రాత్రంతా నిద్ర లేదు కదా" అంటారు. కాళ్లు వాచాయంటే "బాలింతలకు ఇది మామూలేనమ్మా" అంటారు.

చాలామంది విషయంలో ఆ మాట నిజమే. కానీ గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగిన స్త్రీ విషయంలో అలా సరిపెట్టుకోకూడదు. కాన్పు తర్వాత మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య బీపీ మరింత పైకి పోయే అవకాశం ఉంటుంది. మామూలు కాన్పయితే అప్పటికే ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసి ఉంటారు. అంటే బీపీని జాగ్రత్తగా కనిపెట్టి ఉండవలసిన రోజుల్లోనే ఆమె దగ్గర నర్సు గానీ, బీపీ మిషన్ గానీ ఉండవు.

గర్భిణులకు బీపీ ప్రమాదకరమని ఇప్పుడు చాలామందికి తెలుసు. ఆ ప్రమాదం కాన్పుతో ముగిసిపోదనీ, ఏళ్లు గడిచాక అది గుండె మీదికి రావచ్చనీ తెలిసినవారు తక్కువ. ఈ వ్యాసం దాని గురించే.

ప్రీ ఎక్లాంప్సియా అంటే ఏమిటి?

గర్భం 20 వారాలు దాటాక బీపీ 140/90 లేదా అంతకంటే ఎక్కువకు పెరిగి, దానితోపాటు మూత్రంలో ప్రోటీన్ పోవడం గానీ, కాలేయం, మూత్రపిండాలు, మెదడు, రక్తకణాల మీద ప్రభావం గానీ కనిపిస్తే దాన్ని ప్రీ ఎక్లాంప్సియా అంటారు. అది ముదిరి ఫిట్స్ వస్తే ఎక్లాంప్సియా. మన పెద్దవాళ్లు గుర్రపు వాతం అని భయపడింది దీనికే. ప్రపంచంలో ప్రతి 100 మంది గర్భిణుల్లో 2 నుంచి 8 మందికి ప్రీ ఎక్లాంప్సియా వస్తుంది.

దీని మూలం మాయలో ఉంది. గర్భం మొదటి నెలల్లో మాయకు రక్తం తెచ్చే నాళాలు బాగా వెడల్పు కావాలి. కొందరిలో అవి సరిగా వెడల్పు కావు. రక్తం చాలని మాయ నుంచి కొన్ని పదార్థాలు తల్లి రక్తంలోకి చేరి, ఒళ్లంతా ఉన్న రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. నాళాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది, ఒళ్లు వాస్తుంది. మాయ బయటపడ్డాక ఆ పదార్థాలు ఆగిపోతాయి కాబట్టి చాలామందికి కొన్ని రోజుల్లో, లేదా కొన్ని వారాల్లో బీపీ తగ్గుతుంది. "ఇక నయమైంది" అని అందరూ అనుకునేది అప్పుడే.

గుండెకు, దీనికి సంబంధం ఏమిటి?

గర్భం గుండెకు ఒక పెద్ద పరీక్ష. ఆ తొమ్మిది నెలల్లో ఒంట్లో రక్తం దాదాపు సగం వంతు పెరుగుతుంది. గుండె ఆ అదనపు భారాన్ని మోయాలి. ఆ పరీక్షలో రక్తనాళాలు తడబడ్డాయంటే రెండు కారణాలు ఉండవచ్చు. ఆమెకు ముందే బీపీ, షుగరు, అధిక బరువు వైపు మొగ్గు ఉండి, అది గర్భంతో బయటపడి ఉండవచ్చు. లేదా ప్రీ ఎక్లాంప్సియానే నాళాలకు, గుండె కండరానికి కొంత నష్టం మిగిల్చి ఉండవచ్చు. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయని వైద్యులు భావిస్తున్నారు.

2007లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. 30 లక్షల మందికి పైగా స్త్రీల వివరాలను అందులో పరిశీలించారు. ప్రీ ఎక్లాంప్సియా వచ్చినవారికి, తర్వాతి సంవత్సరాల్లో శాశ్వతంగా బీపీ వచ్చే అవకాశం మిగతావారి కంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ. గుండెకు రక్తం అందని జబ్బు వచ్చే అవకాశం రెట్టింపు. పక్షవాతం అవకాశం కూడా దాదాపు రెట్టింపే. 2017లో వచ్చిన మరో విశ్లేషణలో, గుండె బలహీనపడి రక్తాన్ని సరిగా పంపు చేయలేని జబ్బు నాలుగు రెట్లు ఎక్కువని తేలింది. బీపీ వల్ల నెలలు నిండకుండానే కాన్పు చేయవలసి వచ్చినవారికి, ఒకటికి మించిన గర్భాల్లో ఈ జబ్బు వచ్చినవారికి ముప్పు ఇంకా ఎక్కువ. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2011లోనే, స్త్రీల గుండె ముప్పును అంచనా వేసేటప్పుడు ప్రీ ఎక్లాంప్సియా వచ్చిందా అని తప్పక అడగాలని వైద్యులకు సూచించింది.

ఈ అంకెలు చూసి భయపడనవసరం లేదు. యువతుల్లో గుండెజబ్బు తక్కువ, తక్కువగా ఉన్నది రెట్టింపయినా చాలామందికి అది రాదు. పైగా చాలామందికి తమ గుండెకు ముప్పు ఉందని నొప్పి వచ్చేదాకా తెలియదు. ఈ స్త్రీలకు ఇరవై, ముప్పై ఏళ్ల ముందే ఆ సంగతి తెలిసే వీలుంది.

మొదటి ఆరు వారాలు

ప్రీ ఎక్లాంప్సియా వచ్చినవారికి కాన్పయిన మొదటి వారం, పది రోజుల్లో మళ్లీ బీపీ చూడాలి. తీవ్రంగా వచ్చి ఉంటే మూడు రోజుల్లోపే చూడాలి. డాక్టరు రాసిన బీపీ మాత్రలు "బిడ్డ పాలు తాగుతోంది కదా" అని సొంతంగా మానేయకూడదు. పాలిచ్చే తల్లులు వాడదగిన మందులు ఉన్నాయి, డాక్టర్లు అవే ఎంచి రాస్తారు.

బీపీ 160/110కి చేరినా, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి ఉన్నా అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. కాన్పయ్యాక కూడా ఫిట్స్ వస్తాయి. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవలసి వస్తున్నా ఆలస్యం చేయవద్దు. దాన్ని బాలింత నీరసం అనుకుంటారు గానీ, అది గుండె బలహీనపడిన లక్షణం కావచ్చు.

ఈ ఆరు వారాల శ్రద్ధకు ఎంత విలువ ఉందో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ వైద్యులు చూపించారు. గర్భంలో బీపీ పెరిగి, మందులతో ఇంటికి వెళ్తున్న 220 మంది బాలింతలను వారు రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు ఇంట్లో రోజూ బీపీ చూసుకోవడానికి మిషన్ ఇచ్చి, ఆ అంకెలను బట్టి డాక్టర్లు మందు మోతాదు సరిచేశారు. రెండో జట్టుకు మామూలు వైద్యమే అందింది. దాదాపు తొమ్మిది నెలల తర్వాత చూస్తే, మొదటి జట్టులో కింది బీపీ సగటున 6 పాయింట్ల వరకు తక్కువగా ఉంది. 2023లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఇంట్లో ఒక బీపీ మిషన్, అంకెలు చూసి సలహా చెప్పే ఒక డాక్టరు ఉండటం వల్ల వచ్చిన తేడా ఇది.

ఆ తర్వాత జీవితమంతా

మన దేశంలో బీపీ, షుగరు కోసం ఇంటింటి నుంచి పిలిచి పరీక్ష చేసే ప్రభుత్వ కార్యక్రమం 30 ఏళ్లు నిండినవారి కోసం. 22 ఏళ్లకు ప్రీ ఎక్లాంప్సియా వచ్చిన అమ్మాయికి ఆ పిలుపు రావాలంటే ఎనిమిదేళ్లు పడుతుంది. బిడ్డ టీకాల కార్డు బీరువాలో భద్రంగా ఉంటుంది. తల్లి డిశ్చార్జి కాగితం మాత్రం ఇల్లు మారినప్పుడో, పుట్టింటి నుంచి అత్తింటికి వచ్చినప్పుడో పోతుంది. పదిహేనేళ్ల తర్వాత ఆయాసంతో డాక్టరు దగ్గరికి వెళితే కాన్పు సంగతి ఆయన అడగరు, ఈమెకు చెప్పాలని తోచదు. అందుకే ఈ కింది నియమాలు పాటించాలి.

• డిశ్చార్జి కాగితాన్ని భద్రపరచాలి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా "నాకు కాన్పులో బీపీ పెరిగింది" అని ముందే చెప్పాలి.

• ఏ బాధా లేకపోయినా ఏడాదికోసారి బీపీ చూపించుకోవాలి. షుగరు, కొలెస్టరాల్ ఎన్నాళ్లకోసారి చూడాలో డాక్టరును అడగాలి. హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు, ఊళ్లలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు బీపీ పరీక్ష, మాత్రలు ఉచితంగా ఇస్తాయి.

• రోజుకు ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చెంచా మించకూడదు. నిల్వ పచ్చళ్లు, అప్పడాలు, బేకరీ తిండి కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

• వారంలో ఐదు రోజులు, రోజుకు అరగంట నడవాలి. చిన్నపిల్లల తల్లికి ఆ అరగంట దొరకాలంటే ఇంట్లో ఎవరో ఒకరు బిడ్డను ఎత్తుకోవాలి.

• బీపీ మాత్రలు వాడేవారు రంజాన్‌కు ముందే డాక్టరును కలిసి, సహరీ, ఇఫ్తార్ వేళలకు మందులు సర్దించుకోవాలి. ఉపవాసమని మాత్రలు మానకూడదు.

• మళ్లీ గర్భం వస్తే తొలి నెలల్లోనే డాక్టరుకు చెప్పాలి. ముప్పు ఉన్నవారికి 16 వారాల లోపు తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడితే ఆ జబ్బు మళ్లీ వచ్చే అవకాశం తగ్గుతుంది. అది డాక్టరు రాస్తేనే వాడాలి.

స్త్రీలకు గుండెపోటు ఎప్పుడూ ఛాతీ నొప్పిగానే రాదు. దవడ, వీపు, భుజం నొప్పి, ఆయాసం, చెమటలు, అంతుపట్టని నీరసం కూడా దాని రూపాలే. వాటిని గ్యాస్ అని సోడాతో సరిపెట్టకూడదు.

దాతలు చేయగలిగింది

పేద గర్భిణి కాన్పు ఖర్చుకు సాయం చేసే చేతులు మన సమాజంలో ఉన్నాయి. ఆ సాయం ఆసుపత్రి గేటు దగ్గర ఆగిపోకుండా ఇంకో ఆరు వారాలు కొనసాగితే చాలు. భుజానికి కట్టే మంచి బీపీ మిషన్ సుమారు రెండు వేల రూపాయలకు దొరుకుతుంది. ఒక బాలింత ఆరు వారాలు వాడి తిరిగి ఇస్తే, అదే మిషన్ ఏడాదిలో ఏడెనిమిది ఇళ్లకు వెళ్తుంది. చదువుకున్న అమ్మాయిలు వాడే పద్ధతి నేర్పగలరు. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, వీపు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి, అంకెలు నోటుబుక్కులో రాసుకోవాలి. ఆ పుస్తకాన్ని డాక్టరుకు చూపించడానికి ఆటో ఛార్జీ కావలసిన ఇళ్లు కూడా ఉంటాయి.

డబ్బు ఇవ్వలేనివారు ఒక పని చేయవచ్చు. ఈసారి మీరు ఏ అఖీఖాకు వెళ్లినా, బిడ్డను ఆశీర్వదించాక లోపలి గదిలోకి వెళ్లి, "బీపీ చూయించుకున్నావా అమ్మా?" అని ఆ తల్లిని అడగండి.