ఎవరు? ఎవరిని? - హూ, హూమ్‌ల సంగతి



ఇవాళ ఇంగ్లీషులోని రెండు చిన్న మాటల గురించి చెప్పుకుందాం. ఒకటి హూ, రెండోది హూమ్. అమ్మాయి ఉద్యోగానికి దరఖాస్తు రాస్తూ, "అమ్మా, ఇక్కడ హూ రాయనా, హూమ్ రాయనా?" అని అడుగుతుంది. "నాకేం తెలుసే, మీ నాన్నగారిని అడుగు" అనేస్తాం. కాని ఇది మనకు తెలియని సంగతేం కాదు. చిన్నప్పుడు బడిలో విభక్తులు వల్లె వేశాం కదా! జవాబు అందులోనే ఉంది.

పని చేసినవారిని గురించి అడిగితే హూ. ఆ పని ఎవరికి తగిలిందో వారిని గురించి అడిగితే హూమ్. అంటే తెలుగులో 'ఎవరు' అని వస్తే హూ. 'ఎవరిని, ఎవరికి, ఎవరితో, ఎవరికోసం' అని వస్తే హూమ్. "ఎవరు పిలిచారు?" - హూ కాల్డ్? "మీరు ఎవరిని పిలిచారు?" - హూమ్ డిడ్ యు కాల్? "ఎవరితో వెళ్లారు?" - విత్ హూమ్ డిడ్ యు గో?

వెయ్యేళ్లనాటి ఇంగ్లీషులో పేర్లకు కూడా మనలాగే విభక్తులు ఉండేవి. కాలక్రమాన అవి చాలావరకు రాలిపోయి, హీ-హిమ్, దే-దెమ్, హూ-హూమ్ వంటి కొద్ది మాటల్లో మాత్రం మిగిలాయి. హిమ్, దెమ్, హూమ్ - మూడింటి చివరా మకారమే. ఆ గుర్తు చాలు.

అయితే ఒకచోట తెలుగే మనల్ని దారి తప్పిస్తుంది. "ఎవరికి తెలుసు?" అంటాం. 'కి' ఉంది కదా అని హూమ్ అనకూడదు, "హూ నోస్?" అనాలి. ఆకలి వేయడం, తెలియడం, కావలసి రావడం - ఇవన్నీ మనకు 'కి'తోనే వస్తాయి. ఇంగ్లీషులో మాత్రం తెలిసినవాడే కర్త. అందుకని అనుమానం వస్తే ఇంగ్లీషులో జవాబు చెప్పి చూసుకోండి. జవాబులో హీ వస్తే ప్రశ్నలో హూ. హిమ్ వస్తే హూమ్. "హీ నోస్" అంటాం గాని "హిమ్ నోస్" అనం కదా!

ఇంకోచోట ఇంగ్లీషువాళ్లే తడబడతారు, మన తెలుగు మనల్ని గట్టెక్కిస్తుంది. "ఎవరు వస్తారనుకుంటున్నారు?" - హూ డు యు థింక్ విల్ కమ్? మధ్యలో ఉన్న 'డు యు థింక్' చూసి, కాస్త గొప్పగా ఉంటుందని హూమ్ పెట్టేస్తుంటారు. అది తప్పు. తెలుగులో 'ఎవరు' అన్నాం కనుక హూ మాత్రమే.

వాక్యం మధ్యలో వచ్చినప్పుడు ఎలాగంటారా? "మేము కలిసిన టీచరు", "మమ్మల్ని పిలిచిన టీచరు" అంటాం. ఇక్కడ మనకు 'ఎవరు' అన్న మాటే రాదు. అప్పుడు దాన్ని విడదీసి చిన్న వాక్యం చేసుకోండి. "టీచరును కలిశాం" - 'ను' వచ్చింది కనుక ద టీచర్ హూమ్ వుయ్ మెట్. "టీచరు పిలిచారు" - 'ను' లేదు కనుక ద టీచర్ హూ కాల్డ్ అస్.

మరి నోటిమాటకు ఇంత పట్టింపు ఉందా? లేదు. మాటల్లో "హూ డిడ్ యు సీ?" అనే ఎక్కువమంది అంటారు. షేక్‌స్పియర్ కూడా హామ్లెట్ నాటకంలో హూమ్ రావలసిన చోట హూ వాడాడు. రెండు వందల ఏళ్లు గడిస్తే "హూమ్ డిడ్ యు సీ?" అనేవారే ఉండరని ఎడ్వర్డ్ సపీర్ అనే అమెరికా భాషావేత్త 1921లో రాశాడు. అందులో వందేళ్లు దాటాయి. దరఖాస్తుల్లో, ఆఫీసు ఉత్తరాల్లో హూమ్ ఇంకా నిలిచే ఉంది. సర్టిఫికెట్ల పైన "టు హూమ్ ఇట్ మే కన్సర్న్" అని చూస్తూనే ఉంటాం. సంబంధించినవారికి అని దాని అర్థం. టు, విత్, ఫర్ వంటి మాటలు వెనువెంట ముందుంటే సాధారణంగా హూమ్ రాయడమే మర్యాద.

ఎంత ఆలోచించినా తేలకపోతే హూ రాసేయండి. హూమ్ చోట హూ పడితే చాలామంది గమనించరు; హూ చోట హూమ్ పడితే మాత్రం ఎబ్బెట్టుగా కనిపిస్తుంది.

ఇంగ్లీషు వ్యాకరణం అనగానే మనకు రాదులే అని పక్కకు తప్పుకోనక్కరలేదు. 'ఎవరు', 'ఎవరిని' తేడా తెలిసిన ప్రతి ఇల్లాలికీ ఇందులో సగం వచ్చినట్టే. మిగతా సగం, ఆ 'కి' దగ్గర కాస్త జాగ్రత్త పడటమే.